వెంట్రాలిస్ ఆంథియాస్ తిండి ముట్టట్లేదు, మగది తల కిందికి పెట్టి ఈదుతోంది. సూది వెయ్యాలా?

లేతకెరటం
వెంట్రాలిస్ (లోతు సముద్రపు చిన్న ఆంథియాస్ చేప) జత, ఒక మగ ఒక ఆడ. ట్యాంకులో దిగి ఇవాళ్టికి 5 రోజులు. రెండూ ఇంతవరకు ఏమీ తినలేదు. ఫ్లేక్ వేస్తే కన్నెత్తి చూడవు. మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవి) వేస్తే మగది రెండుసార్లు నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. అసలు భయం అది కాదు. మగది తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా ఈదుతోంది. తోక ఆడించడం ఆపితే చాలు, బెండు ముక్కలా పైకి తేలిపోతోంది. ఆడదేమో రాయి చూరు కింద వెల్లకిలా తిరిగి ఈదుతోంది. లైట్లు వెలిగితే రెండూ రాళ్ళ వెనక్కి మాయం.

ట్యాంకు 90 × 45 × 50 సెం.మీ., సంప్‌తో (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కలిపి దాదాపు 250 లీటర్లు. ఉష్ణోగ్రత 25.5, ఉప్పు 35, నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06. ఎల్ఈడీ లైట్లు రెండు, 60 శాతం మీద. కోరల్స్ అన్నీ సాఫ్ట్ (మెత్తటివి), ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌ల రాతి కోరల్స్). తోటి చేపలు క్లౌన్ జత, రాయల్ గ్రామా, సిక్స్‌లైన్ రాస్ అనే చారల చేప.

లోతు చేప కదా, పైన పీడనం చాలక ఇలా అవుతోందా? సిరంజి సూదితో పొట్టలో గాలి తీసే వీడియో ఒకటి చూశా. వెయ్యనా?

సిక్స్‌లైన్‌బాధితుడు
ముందు ఆ సిక్స్‌లైన్‌ని బయటికి లాగు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

అరవైమీటర్లు
సూది దాచెయ్యండి.

ఆంథియాస్ గాలితిత్తి మూతపడిన సంచి. గోల్డ్‌ఫిష్‌కైతే తిత్తి నుంచి గొంతులోకి దారి ఉంటుంది, మిగులు గాలి నోట్లోంచి వదిలేస్తుంది. దీనికి ఆ దారి లేదు. గాలి రక్తంలోంచే లోపలికి రావాలి, రక్తంలోకే పోవాలి. అది మెల్లిగా జరిగే పని. సముద్రంలో ప్రతి 10 మీటర్లకి ఒక అట్మాస్ఫియర్ చొప్పున పీడనం పెరుగుతుంది. 60 మీటర్ల దగ్గర మొత్తం 7. అక్కడ ఒక వంతు చోటులో ఇమిడిన గాలి పైకొచ్చేసరికి 7 వంతుల చోటు అడుగుతుంది. అందుకే డైవర్ చేపని మధ్య మధ్యలో ఆపుకుంటూ పైకి తేవాలి, లేకపోతే పట్టిన చోటే సన్న సూదితో గాలి తీసెయ్యాలి. ఇదంతా పట్టిన మొదటి గంటల్లో తేలిపోయే వ్యవహారం. మీ ట్యాంకు దాకా ప్రాణంతో వచ్చిన చేపకి పీడనం చాలకపోవడం అనే జబ్బు లేదు. మీరు చూస్తున్నది ఆ ప్రయాణంలో మిగిలిపోయిన గాలి, లేదా తిత్తి చుట్టూ వాపు.

ఇంట్లో ఎందుకు వద్దంటున్నానంటే, 6-7 సెం.మీ. చేపలో గాలితిత్తికి పైన కిడ్నీ ఆనుకుని ఉంటుంది, కింద పేగు. అర మిల్లీమీటరు గురి తప్పి పేగులోంచి సూది దిగితే అందులోని బ్యాక్టీరియా అంతా పొట్టలో చేరుతుంది. పైగా 5 రోజులుగా పస్తున్న చేపని వలలో పట్టి, గాల్లోకి తీసి, చేత్తో నొక్కాలి. గాలి సంగతి దేవుడెరుగు, ఆ కంగారుకే పోతుంది. తేలికపాటి కేసులు చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. అస్సలు కిందికి రాలేక నీటి పైనే పడి ఉంటే అప్పుడు సూది మాట, అదీ చేపలు చూసే వెటర్నరీ డాక్టరు చేతిలో.

ఆడదాని గురించి బెంగ వద్దు. చూరు కింద ఈదేటప్పుడు పొట్ట రాయి వైపు తిప్పుకోవడం ఈ చేపలకి అలవాటే. గ్రామా కూడా అదే పని చేస్తుంది, గమనించండి. చూరు వదిలి నడిమి నీళ్ళలోకి వచ్చినప్పుడూ వెల్లకిలానే ఉంటే అప్పుడు చెప్పండి.

ఇవాళే చెయ్యాల్సినవి: లైట్లు నీలం ఒక్కటే, 10 శాతానికి. ఉష్ణోగ్రత రోజుకి 1 డిగ్రీ చొప్పున 23కి. సిక్స్‌లైన్ బయటికి.

లేతకెరటం
సిక్స్‌లైన్ వీటి జోలికి వెళ్ళడం నా కంట పడలేదే. రాళ్ళన్నీ పీకకుండా పట్టే దారేదైనా ఉందా?

సిక్స్‌లైన్‌బాధితుడు
నువ్వు గది లోకి రాగానే అది బుద్ధిమంతుడైపోతుంది. ఫోను ట్యాంకు ముందు పెట్టి అరగంట వీడియో తియ్యి, తెలుస్తుంది. కొరకక్కర్లేదు, గుహ నోటి దగ్గర రెండుసార్లు అటూ ఇటూ తిరిగితే చాలు, వెంట్రాలిస్ ఆ రోజుకి బయటికి రాదు. తిండి బయట, చేప లోపల.

పట్టడం సులువే. 2 లీటర్ల పారదర్శక సీసా తీసుకో. మెడ కింద భుజం దగ్గర కోసి, ఆ పైముక్కని తిరగేసి మూతి లోపలికి వచ్చేలా దూర్చు. అంచు చుట్టూ నాలుగు చిల్లులు పెట్టి నైలాన్ దారంతో కట్టు. అడుగున సన్న చిల్లులు పదైనా ఉండాలి, వాసన బయటికి రావాలిగా. లోపల మైసిస్ ముద్ద, బరువుకి ఒక చిన్న రాయి. సాయంత్రం లైట్లు తగ్గే ముందు పెట్టు. ముందురోజు రాత్రి నుంచి దానికి తిండి వెయ్యకు. అన్నిట్లోకీ దానికే ఆత్రం ఎక్కువ, అదే మొదట దూరుతుంది.

నెమ్మదినీలం
మొదటి ఆంథియాసే వెంట్రాలిసా? బార్ట్‌లెట్, లైర్‌టెయిల్ లాంటి సులువు ఆంథియాస్‌తో చెయ్యి తిప్పుకుని రావాల్సింది.

సిక్స్‌లైన్‌బాధితుడు
పెళ్ళయ్యాక జాతకాలు చూస్తున్నారు మీరు.

కోపెపాడ్‌రైతు
తిండి సంగతి నేను చెబుతా. మగది మైసిస్ నోట్లోకి తీసుకుని ఉమ్మిందన్నారు, అది మంచి వార్త. ఆకలి చావలేదు, సైజు కుదరలేదు. దీని నోరు చూడండి, పైకి తిరిగి చిన్నగా ఉంటుంది. ప్రవాహంలో ఎదురొచ్చే సన్న ప్లాంక్టన్‌ని ఒక్కొక్కటిగా ఏరుకుని తినే నోరది. మైసిస్ 6-8 మిల్లీమీటర్లు ఉంటుంది. మనకి గుమ్మడికాయని నిలువునా మింగమన్నట్టు.

ఇది తినేటప్పుడు దగ్గరగా చూడండి. ముందు కళ్ళు కదులుతాయి. ఒక రేణువుని పట్టుకుని కన్ను దాన్నే అనుసరిస్తుంది, ఒళ్ళు కొంచెం వంపు తిరుగుతుంది, ఒక్క క్షణం అలా నిలబడి చటుక్కున అందుకుంటుంది. కన్ను తిరుగుతోందీ అంటే ఇంకా దారికి తేవచ్చు. రేణువులు ముక్కు ముందు నుంచి పోతున్నా కన్ను కదలట్లేదూ అంటే పరిస్థితి చెయ్యి దాటుతోందని.

మొదట కదిలే తిండి పెట్టాలి. ఇప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యలు) పిల్లలు అర మిల్లీమీటరు ఉంటాయి, వణుకుతూ ఈదుతాయి, దానికి చూపు ఆనుతుంది. పొదిగే పద్ధతి: 2 లీటర్ల సీసా బోర్లించి పెట్టండి. లీటరుకి 25 గ్రాముల ఉప్పు, చిటికెడు వంటసోడా, 1 గ్రాము గుడ్లు. నీళ్ళు 27-28 డిగ్రీలు, అడుగు నుంచి గాలి బలంగా, పక్కన దీపం. 18 నుంచి 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి 10 నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి. పిల్లలు వెలుతురు ఉన్న వైపు పోగవుతాయి కాబట్టి దీపం అడుగున పెట్టి అక్కడి నుంచి ట్యూబుతో లాగండి. 120 మైక్రాన్ల జల్లెడలో మంచినీళ్ళతో కడగండి. పెంకులు చేప కడుపులోకి పోకూడదు, పేగుకి అడ్డం పడతాయి.

అసలు కిటుకు సమయం. పొదిగిన మొదటి కొన్ని గంటలే వాటిలో పచ్చసొన కొవ్వు నిండుగా ఉంటుంది. ఆలస్యం చేస్తే అవి దాన్ని ఖర్చు పెట్టేసుకుని ఉత్త డొల్లలవుతాయి. వెంటనే వాడండి, లేదా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఒక రోజు దాకా దాచండి. అదీ కాకపోతే రెండో దశకి వచ్చాక సెల్కాన్ లాంటి కొవ్వు మిశ్రమంలో 12 గంటలు మేపి అప్పుడు వెయ్యండి.

వేసేటప్పుడు పైనుంచి గుమ్మరించొద్దు. సిరంజికి గట్టి సన్న ట్యూబు తగిలించి, గుహ నోటికి ఒక జానెడు ఎగువన, ప్రవాహంలోకి వదలండి. పంపులు పూర్తిగా ఆపితే తిండి అడుక్కి పోతుంది, ఈ చేప అడుగున ఏరుకోదు. 30 శాతానికి తగ్గించండి చాలు. రోజుకి 6 నుంచి 8 సార్లు. ఒక్కోసారి 2-3 నిమిషాల్లో అయిపోయేంత.

ఆర్టీమియా పట్టాక ఫ్రోజెన్ కాలనస్ (ఒక రకం కోపెపాడ్, అంటే సన్న ప్లాంక్టన్ జీవి), ఆ తర్వాత కత్తితో సన్నగా తరిగిన మైసిస్. ఒకే సిరంజిలో సగం ఆర్టీమియా, సగం కాలనస్ కలిపి వదులుతూ రోజురోజుకీ పాళ్ళు మార్చడమే.

ఉప్పులెక్క
రోజుకి 8 సార్లంటే ఫాస్ఫేట్ ఎక్కడికి పోవాలి? వారంలో 0.06 కాస్తా 0.2 అవుతుంది. 3 సార్లు బాగా పెడితే చాలదా?

కోపెపాడ్‌రైతు
చాలదు. ప్లాంక్టన్ తినే చేపకి పేగు పొట్టి, నిల్వ చేసుకునే పొట్ట కాదు. ఒకేసారి ఎక్కువ పెడితే సగం అరక్కుండానే తెల్లగా బయటికొస్తుంది, మీ ఫాస్ఫేట్ ఇంకా పెరుగుతుంది. మొత్తం గ్రాములు అవే ఉంచి విడతలు పెంచమంటున్నా. ఫ్రోజెన్‌ని జల్లెడలో కరిగించి ఆ రసం పారబొయ్యండి, కొంత ఫాస్ఫేట్ అందులోనూ ఉంటుంది. సంప్‌లో కీటోమార్ఫా అనే నాచు ఉంటే అదే కొంత లాగుతుంది, కోపెపాడ్లకి ఇల్లూ అవుతుంది. నైట్రేట్ 15 ఉన్నా సాఫ్ట్ కోరల్స్‌కి ఏం కాదు. ఇంకోటి, కొవ్వు మిశ్రమం వాడిన పూట స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) నురగ కూలిపోతుంది. స్కిమ్మర్ పాడైందని విప్పి కూర్చోకండి, కొన్ని గంటలకి అదే వస్తుంది.

వేడినీళ్ళే_నయం
23 దేనికండీ? 25 దగ్గర వెంట్రాలిస్ చక్కగా తింటూ ఉన్న ట్యాంకులు లేవా? ఇది 100 మీటర్ల దాకా ఉంటుంది నిజమే, కానీ పాతిక మీటర్ల పైచిలుకులోనూ కనిపిస్తుంది. పసిఫిక్‌లో ఆ లోతున నీళ్ళు అంత చల్లగా ఏమీ ఉండవు. ఆక్సిజన్ అంటారా, లెక్క చూడండి. 35 ఉప్పు నీళ్ళలో 20 డిగ్రీల దగ్గర లీటరుకి 7.4 మి.గ్రా., 28 దగ్గర 6.4. మీరు గొడవ పడుతున్న రెండున్నర డిగ్రీలకి తేడా 0.3 మి.గ్రా. ఒక ఎయిర్‌స్టోన్ పని.

అరవైమీటర్లు
ఆక్సిజన్ లెక్క మీరు చెప్పింది కరెక్టే, దాని గురించి నాకూ పేచీ లేదు. నేను చూసేది ఖర్చు. చేప ఒంటి వేడి నీటి వేడే. 10 డిగ్రీలు పెరిగితే ఒంట్లో ఖర్చు సుమారు రెట్టింపవుతుంది. ఆ లెక్కన 23 నుంచి 25.5కి పోతే దాదాపు 19 శాతం ఎక్కువ. బాగా తింటున్న చేపకి అది పెద్ద విషయం కాదు, ఇంకో విడత పెడితే సరి. 5 రోజులుగా ఏమీ తినని చేపకి ఆ 19 శాతం సొంత కండలోంచే రావాలి. చల్లబెడితే మనకి నాలుగు రోజులు ఎక్కువ దొరుకుతాయి. తిండికి అలవాటు పడ్డాక మీ 25 దగ్గర ఉంచుకున్నా నేను అడ్డు చెప్పను.

వేడినీళ్ళే_నయం
అలా అయితే ఒప్పుకుంటా. ‘23 దాటితే చస్తుంది’ అన్నట్టు రాసేవాళ్ళతోనే నా గొడవ. క్లౌన్లకి గానీ ఎల్‌పీఎస్‌కి గానీ 23 వల్ల నష్టం లేదు, కొంచెం మందకొడిగా పెరుగుతాయి అంతే.

లేతకెరటం
చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) లేదు. గది 31 దాకా పోతుంది. ఫ్యాన్లు పెడితే 23 వస్తుందా?

కంప్రెసర్‌కాకా
రాదు. లెక్క చూడు తమ్ముడూ.

నీ ట్యాంకు గాజు సుమారు 2 చదరపు మీటర్లు. లోపల 23, బయట 31 అంటే 8 డిగ్రీల తేడా, గాజులోంచి దాదాపు 70 వాట్ల వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. రిటర్న్ పంపు, స్కిమ్మర్ పంపు, వేవ్‌మేకర్ కలిపి ఇంకో 70-80. నీళ్ళలో మునిగిన పంపు తాగే కరెంటంతా చివరికి నీళ్ళలో వేడే, అది మర్చిపోతారు అందరూ. మొత్తం 150 వాట్లు అనుకో. ఒక లీటరు నీరు ఆవిరైతే 2,430 కిలోజౌళ్ళు పట్టుకుపోతుంది. ఆ లెక్కన ఫ్యాన్లతోనే లాగాలంటే రోజుకి 5 లీటర్ల పైన ఆవిరవ్వాలి. గాలిలో తేమ ఎక్కువైతే అంత ఆవిరే కాదు, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా 27 దగ్గర మొండికేస్తుంది. పొడిగాలి అయితే కొంత నయం, అప్పుడు ఆవిరైన నీళ్ళని తానే నింపే ఆటో టాప్‌ఆఫ్ లేకపోతే ఉప్పు రోజుకో రకంగా ఊగుతుంది.

కంప్రెసర్ లేని పెల్టియర్ ప్లేటు చిల్లర్లు ఈ సైజుకి బొమ్మలు. కంప్రెసర్‌దే కావాలి. 1/10 హెచ్‌పీ లాగుతుంది గానీ సగం పైగా సమయం నడుస్తూనే ఉంటుంది. 1/4 హెచ్‌పీ అయితే కాసేపు నడిచి ఆగుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. స్టాండు లోపల మాత్రం పెట్టకు. అది వదిలే వేడిగాలి అదే పీల్చుకుని ఆయాసపడుతుంది. వెనక జానెడున్నర ఖాళీ ఉండాలి. నీళ్ళు ఎంత వేగంతో పోవాలో దాని మీదే రాసి ఉంటుంది, దానికంటే తక్కువ పంపితే సెన్సర్ ఒకటి చూపిస్తుంది, ట్యాంకులో ఇంకోటి ఉంటుంది. ఆన్, ఆఫ్ మధ్య తేడా అర డిగ్రీ పెట్టు. ఇంకా తక్కువ పెడితే నిమిషానికోసారి ఆన్ అయి కంప్రెసర్ కాలిపోతుంది.

గాజు మీద బయట చెమట పడితే కంగారు పడకు. తేమ గాలి, చల్లటి గాజు. కింద ప్లగ్గులు తడవకుండా మాత్రం చూసుకో. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి రావాలి, చుక్కలు ఆ వంపు దగ్గరే కింద పడతాయి.

నెమ్మదినీలం
లైట్ల మాట కూడా గట్టిగా చెప్పుకోవాలి. 60 మీటర్ల దగ్గర ఎరుపు అన్నది లేదు, మిగిలేది నీలమే, అదీ మసక. అక్కడి నుంచి వచ్చిన కంటికి 60 శాతం తెల్ల ఎల్ఈడీ అంటే మొహం మీద టార్చి కొట్టినట్టే. రెండు వారాలు 10 శాతం నీలంతో సాఫ్ట్ కోరల్స్ చావవు. తర్వాత వారానికి 5 శాతం చొప్పున పెంచుకోవచ్చు. లైటు ఒక్కసారిగా వెలగకూడదు. ముందు గది దీపం, అరగంట ఆగి ట్యాంకుది, అదీ గంట పాటు మెల్లిగా పెరగాలి. చీకట్లో చటుక్కున వెలిగితే ఇవి గాజుకి కొట్టుకుంటాయి, లేకపోతే ఎగిరి బయట పడతాయి. పైన 6 మి.మీ. కన్నాల వల ఉండి తీరాలి. వైర్లు పోయే మూల ఖాళీ వదిలేస్తారు చూశారా, చేప సరిగ్గా అక్కడి నుంచే పోతుంది.

పాతబురద
అక్లిమేషన్ పెట్టె (కొత్త చేపని అలవాటు చేసే, ట్యాంకులో వేలాడే పెట్టె) వాడితే సరిపోదా? సిక్స్‌లైన్ పట్టే దాకా వీటిని అందులో పెట్టి తిండి నేర్పొచ్చు.

నెమ్మదినీలం
పెట్టె ఎక్కడ వేలాడుతుంది? నీటి పైన, లైటు కింద. లోతు చేపకి ట్యాంకులో అంతకంటే పాడు చోటు ఇంకోటి లేదు. వాడాలంటే మూడు పక్కలకీ మూతకీ నల్ల అక్రిలిక్ అతికించి, లోపల ఒకటిన్నర అంగుళాల పీవీసీ ఎల్బో ఒకటి వేసి, బరువు పెట్టి అడుగుకి దించండి. ఎల్బో నోరు ప్రవాహానికి ఎదురుగా ఉండాలి.

30రోజులచీకటి
అందరూ ఒకటి వదిలేశారు. క్వారంటీన్ చెయ్యకుండా నేరుగా డిస్‌ప్లేలోకి (అసలు ట్యాంకులోకి) దింపారన్నమాట. ఆంథియాస్‌కి వచ్చే దరిద్రం యూరోనీమా అనే పరాన్నజీవి. పక్కన పొలుసులు లేచి ఎర్రటి పుండు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. కాపర్‌కి (రాగి మందుకి) లొంగదు. చేప లేకపోయినా బతుకుతుంది కాబట్టి ట్యాంకు ఖాళీగా ఉంచినా పోదు. పైపైన ఉన్నప్పుడే ఫార్మలిన్ స్నానం: 37 శాతం ఫార్మలిన్ లీటరుకి 0.15 మి.లీ., 45 నిమిషాలు, గాలి బలంగా, వేరే బకెట్లో. అది ఆక్సిజన్ తినేస్తుంది, మనకీ విషమే. తొడుగులు వేసుకుని కిటికీలు తెరిచి చెయ్యాలి. సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే అసలు వాడకండి, ఆ మడ్డి చేపని చంపుతుంది. పుండు కండలోకి దిగాక ఏ మందూ అందదు.

వెల్వెట్, ఇచ్ అనే పరాన్నజీవి జబ్బుల సంగతికొస్తే చిలేటెడ్ కాపర్ లీటరుకి 2.25 మి.గ్రా., 30 రోజులు. చల్లటి నీళ్ళలో పరాన్నజీవి కూడా నిదానంగా నడుస్తుంది. ‘ఇన్ని రోజులు చాలు’ అని రాసినవన్నీ వెచ్చటి నీళ్ళ లెక్కలు. 22-23 దగ్గర ఇంకొన్ని రోజులు కలుపుకోవాలి.

అరవైమీటర్లు
తినని వెంట్రాలిస్‌కి మొదటి రోజే కాపరా? ఒప్పుకోను. కాపర్ ఉన్న ఆకలినీ చంపుతుంది.

30రోజులచీకటి
మొదటి రోజే అన్నానా? క్వారంటీన్ ట్యాంకు 23 దగ్గర, మసకగా, పీవీసీ ముక్కలతో సిద్ధంగా ఉంటుంది. వారం పది రోజులు తిండి మీదే ధ్యాస. మూడు రోజులు వరసగా తిన్నాక కాపర్ మొదలు, 5 రోజుల మీద మెల్లిగా 2.25కి. మధ్యలో తిండి మానేస్తే అక్కడే ఆపి, మళ్ళీ తిన్నాక పెంచడం. ఫ్లూక్స్‌కి (మొప్పలకి, చర్మానికి పట్టే పురుగులు) ప్రాజీక్వాంటెల్ లీటరుకి 2.5 మి.గ్రా., వారం దాటాక ఇంకోసారి. ఆ రెండు రోజులూ ఎయిర్‌స్టోన్ అదనంగా. వెల్వెట్ కంటికి కనిపిస్తే మాత్రం ఎదురు చూడను, తిన్నా తినకపోయినా కాపర్.

అరవైమీటర్లు
ఈ వరస అయితే నాకు అభ్యంతరం లేదు. లేతకెరటం గారూ, ఇప్పుడు వాటిని మళ్ళీ పట్టొద్దు. డిస్‌ప్లేలోనే ఉంచి రోజూ పొద్దున, రాత్రి పక్కలు చూడండి.

పాతబురద
చిన్న సందేహం. ఇంట్లో పీడనం అక్కర్లేకపోతే పెద్ద ఆక్వేరియంలు పీడనం గదులు ఎందుకు వాడతాయి?

అరవైమీటర్లు
పెంచడానికి కాదు, పైకి తేవడానికి. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళు చేపని లోతులోనే చిన్న పీడనం డబ్బాలో పెట్టి, పైన రోజుల తరబడి మెల్లిగా పీడనం తగ్గిస్తారు. తగ్గడం పూర్తయ్యాక అదీ మామూలు ట్యాంకులోనే ఉంటుంది. పసిఫిక్‌లోని రారోటాంగా దీవి దగ్గర 100 మీటర్ల కింద నుంచి తెచ్చిన పెప్పర్‌మింట్ ఏంజెల్ చేప కూడా మామూలు ట్యాంకులోనే ఉంటుంది. బాగా పైకి తెచ్చిన చేపలు మామూలు పీడనంలో ఏళ్ళ తరబడి బతికాయి.

లేతకెరటం
9వ రోజు. ఉష్ణోగ్రత 23.2, చిల్లర్ 1/4 హెచ్‌పీ. నీలం 10 శాతం. సిక్స్‌లైన్ రెండో సాయంత్రమే సీసాలో దూరింది. మగది నిన్న ఆర్టీమియా పట్టింది, ఇవాళ 6 విడతల్లో 5 సార్లు తింది. ఏటవాలు ఇంకా ఉంది గానీ తగ్గింది, తోక ఆపినా మునుపటిలా పైకి పోవట్లేదు. ఆడదే తినట్లేదు. తల వెనక, వీపు పక్కన గుంట పడింది. మలం దారంలా తెల్లగా.

కోపెపాడ్‌రైతు
కన్ను తిరుగుతోందా?

లేతకెరటం
లేదు. ఆర్టీమియా మొహం ముందు నుంచే పోతున్నా అలాగే ఉంది.

కోపెపాడ్‌రైతు
టిగ్రియోపస్ అనే కోపెపాడ్లు దొరికితే బతికున్నవి ఒకసారి ప్రయత్నించండి. ఎర్రగా ఉంటాయి, కుదుపుతో ఈదుతాయి, ఆర్టీమియాని పట్టించుకోని చేపలు వాటిని అందుకుంటాయి. చీకటి పడ్డాక ఎర్ర టార్చి వెలుగులో వదలండి. అయినా తల వెనక గుంట అంటే వీపు కండ కరిగిపోతున్నట్టు. ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

లేతకెరటం
13వ రోజు. ఆడది పోయింది. పైన పుండ్లు లేవు, మొప్పలు పాలిపోయి ఉన్నాయి. మగది ఇప్పుడు కాలనస్ కూడా తింటోంది, ఒళ్ళు సమంగా పెట్టి ఈదుతోంది. ఇంకో ఆడదాన్ని తేవచ్చా?

30రోజులచీకటి
తెస్తే ఈసారి నేరుగా డిస్‌ప్లేలోకి కాదు. పోయిన దాని మొప్ప ముక్క మైక్రోస్కోపు కింద చూసి ఉంటే ఫ్లూక్సో కాదో తేలేది. చనిపోయిన గంట లోపే చూడాలి, తర్వాత అవి వదిలి పోతాయి.

నెమ్మదినీలం
తెస్తే ఆడవే, ఒకటి కాదు, రెండు మూడు. ఒక్కటే ఉంటే మగది దాన్నే తరుముతుంది, తెరిపి ఉండదు. వీటిలో ఆడదే మగదిగా మారుతుంది కాబట్టి గుంపులో పెద్దదాని మీద ఓ కన్నేసి ఉంచండి. మగది బలంగా ఉన్నంత కాలం అణిగే ఉంటుంది. ఇద్దరు మగవాళ్ళు 90 సెం.మీ. ట్యాంకులో ఇమడరు. ఎంచుకునేటప్పుడు తల వెనక నిండుగా ఉందో లేదో చూడండి, మీ ముందు తినిపించమనండి. రంగు చూసి మోసపోవద్దు, పస్తున్న చేపకీ రంగు బాగానే ఉంటుంది.

లేతకెరటం
అప్పటిదాకా తిండి ఆటోమేటిక్ చేద్దామని చిన్న ఫ్రిజ్, పెరిస్టాల్టిక్ డోసింగ్ పంపు (ట్యూబుని నొక్కుతూ కొలతగా పంపేది) పెట్టా. ఫ్రోజెన్ కాలనస్ కరిగించి ఉప్పునీళ్ళలో కలిపి, 6 విడతలు, ఒక్కోసారి 8 మి.లీ. రెండో రోజుకే ఏమీ రావట్లేదు.

కంప్రెసర్‌కాకా
ట్యూబు ఎంత సన్నం? 3 మి.మీ. లోపలి వ్యాసం కంటే తక్కువైతే కాలనస్ మీసాలు చిక్కుపడి దిబ్బడేస్తుంది. డబ్బాలో తిండి అడుక్కి పేరుకోకుండా చిన్న స్టిర్రర్ కావాలి. విడతకి నిమిషం ముందు తిరిగితే చాలు, రోజంతా తిప్పితే పేస్టవుతుంది.

కోపెపాడ్‌రైతు
ప్రతి విడత చివర పంపుని రెండు సెకన్లు వెనక్కి తిప్పే సెట్టింగు ఉంటే వాడండి. ట్యూబులో మిగిలిన తిండి ఫ్రిజ్‌లోకి పోతుంది, గది వేడికి కుళ్ళదు. ఆ సెట్టింగు లేకపోతే ఫ్రిజ్ బయట ఉన్న ట్యూబు మూరెడు మించకూడదు. డబ్బాలో ఫ్రోజెన్ కలిపింది 2 రోజులకి మించి ఉంచొద్దు. ట్యూబుని రోజు విడిచి రోజు వేడినీళ్ళతో కడగండి. అవునూ, ట్యూబు చివర ఎక్కడుంది? నీటి మట్టానికి పైన ఉండాలి. లోపల మునిగి ఉంటే ఉప్పునీళ్ళు పైకి పాకి నోటి దగ్గరే జిగురు కడుతుంది.

లేతకెరటం
మునిగే ఉంది. చివర చూస్తే గోధుమరంగు జిగురు బిరడాలా ఉంది. 2 సెం.మీ. కోసి పైకి కట్టా, వస్తోంది.